పొలిమేర తగవులు – సంధిమార్గము

నేను ఉద్దానపు తీరమున పుట్టినవాడను. పలాస, టెక్కలి ప్రాంతముల పాఠశాలలలో ముప్పదినాలుగేండ్లు తెలుగు పండితుడుగా పనిచేసి విశ్రాంతి గైకొంటిని. రాజ్యతంత్రము నేను చదివిన విద్య కాదు. అయినను పొలిమేర తగవులను గూర్చి మాటాడుమని కోరగా వెంటనే ఒప్పుకొంటిని. ఏలయన, ఈ విషయమును నేను గ్రంథములయందు కంటె బ్రతుకునందే ఎక్కువగా చదివితిని.

మా కొబ్బరితోటల మీదుగా వాయవ్యమునకు చూచినచో మహేంద్రగిరి కనబడును. ఆ కొండ ఒడిశా రాష్ట్రమునకు చెందినది. దానిపై కురిసిన వాన మహేంద్రతనయ యను పేర మా జిల్లాలోనికి దిగివచ్చును. టెక్కలి చెంతనున్న నౌపడా నుండి ఒక రైలుమార్గము బయలుదేరి, టెక్కలి, పాతపట్నము దాటి, పర్లాకిమిడి మీదుగా గుణుపురము చేరును. పర్లాకిమిడి రాజు 1900లో నడిపించిన చిన్నబండియే దీనికి మూలము. ఆ బండి పుట్టిననాడు ఆ దారియంతయు ఒక్క గంజాము జిల్లాలోను, దాని యిరుగుపొరుగునను ఉండెను. నేడు అదే దారి రెండు రాష్ట్రములలో నడచుచున్నది. పలాస జీడిపప్పు బట్టీలలో తెలుగు, ఒడియా కలిసి వినబడును. ఇచ్ఛాపురమునందు ఒడియా పలుకు ఇండ్లు, పర్లాకిమిడియందు తెలుగు పలుకు ఇండ్లు నేటికిని కలవు. ఇచ్చిపుచ్చుకొనుటలు కలవు. మా అప్పను – మా వైపున అక్కను అప్ప యందురు – పర్లాకిమిడికి ఆవలనున్న యొక పల్లెకు ఇచ్చితిమి. ఆమె మాట తరువాత చెప్పెదను.

మన పూర్వులు రాజనీతిని ఆరు గుణములుగా విభజించిరి. సంధి, విగ్రహము, యానము, ఆసనము, సంశ్రయము, ద్వైధీభావము అని వానికి పేర్లు. కౌటిల్యుని అర్థశాస్త్రమున దీనిని గూర్చి ఒక అధికరణమే కలదు. సంధి యనిన ఒడంబడిక. విగ్రహ మనిన వైరము. ఈ రెంటి నడుమ ఆసన మను నొకటి యున్నది. పోరును సాగింపక, ఒడంబడికయు చేసికొనక, ఎక్కడివా రక్కడ కూర్చుండుటయే ఆసనము. మా న్యాయస్థానములవారు నేడు యథాతథస్థితి యను మాటను వాడుచున్నారు. అది ఈ ఆసనమే. నేడు నేను చెప్పదలచిన దొక్కటియే. ఆసనము మంచిదే కాని, దానిని సంధి యని భ్రమింపరాదు. ఆ రెంటికి నడుమ నుండు దూరమునకు మూల్యము చెల్లించువారు గీత మీద కాపురముండు పేదలు.

మొదట మా గీత పుట్టుక చెప్పెదను. ఒడియా భాషవారు మదరాసు, బిహారు, మధ్యపరగణాల పాలనలలో చెదరియుండుటచే తమకొక రాష్ట్రము కావలెనని చిరకాలము కోరిరి. 1924లో ఫిలిప్, డఫ్ అను ఇద్దరు దొరలు గంజాము ప్రాంతమునకు వచ్చి ప్రజాభిప్రాయమును విచారించిరి. 1931లో సర్ శామ్యూల్ ఓడొనెల్ అధ్యక్షతను ఎల్లల నిర్ణయమునకై ఒక సంఘము ఏర్పడెను. అది మరుసటి యేట నివేదిక సమర్పించెను. పర్లాకిమిడి ఎవరికి చెందవలెనను ప్రశ్నయే మిక్కిలి చిక్కు పెట్టెను. 1933లో ప్రకటింపబడిన శ్వేతపత్రములో పర్లాకిమిడి, జయపురము కొత్తరాష్ట్రమున చేరలేదు. పిమ్మట లండనులోని పార్లమెంటు సంయుక్తసంఘము ఆ యేర్పాటును మార్చినది. జయపురము చేరెను. పర్లాకిమిడి జమీందారీ చీలిపోయెను. పట్టణమును, దాని చుట్టునున్న కొంత భాగమును, కొండప్రాంతమును ఒడిశాకు పోయినవి. పల్లపు భూములలో అధికభాగము మదరాసు రాజధానియందే నిలిచెను. 1936 ఏప్రిల్ 1న కొత్తరాష్ట్రము వెలసెను. మా టెక్కలి, సోంపేట, ఇచ్ఛాపురము వైపు భూములు విశాఖపట్టణము జిల్లాలో కలిసి, 1950లో శ్రీకాకుళము జిల్లా యేర్పడగా దానిలోనికి వచ్చినవి.

ఒడియావారి కోరిక న్యాయమైనదే. ఆంధ్రులు కూడ తరువాత అట్టి కోరికనే కోరి 1953లో రాష్ట్రమును పొందిరి. తమ భాషలో పరిపాలన కావలెననుట దోషము కాదు. చిక్కంతయు భాషల నడుమ గీత గీయుటలో నున్నది. భాష పొలము వలె గట్టు కలిగినది కాదు. ఒక పల్లెలో పలుచబడి, పై పల్లెలో చిక్కబడి, ఒకే యింటిలో తల్లిది ఒకటియు, తండ్రిది వేరొకటియునై యుండును. దానిపై గొలుసు పరచి కొలిచినచో ఎవరో ఒకరు గీతకు అవతల మిగులక తప్పదు.

అట్లు నొచ్చినవారిలో మిక్కిలి పెద్ద మనిషి గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. ఆయన వాడుకభాషకై పోరాడినవారు. నేను గ్రాంథికమున తీర్చబడినవాడను. నా గురువుల యెదుట ఆయన పేరెత్తినచో కనుబొమలు ముడివడుచుండెను. అయినను ఈ విషయమున ఆయనకు నేను తల వంచెదను. ఆయన జీవితములో మిక్కిలి భాగము పర్లాకిమిడిలోనే గడిచెను. అచటి బడిలో పాఠములు చెప్పుచు, కొండలలో నుండు సవరల భాష నేర్చి, వారికి చదువు చెప్పించి, 1931లో ఆ భాషకు వ్యాకరణ గ్రంథమును వెలువరించిరి. పర్లాకిమిడిని ఒడిశాలో చేర్చుట ఆయనకు సమ్మతము కాలేదు. కొత్తరాష్ట్రము ప్రారంభమయిన 1936 ఏప్రిల్ 1నాటి ఉదయముననే ఊరు విడిచి రాజమహేంద్రవరమునకు వెడలిపోయిరి. అప్పటి కాయనకు డెబ్బదిరెండేండ్లు.

ఆయన నిష్క్రమణమును మా వైపువారు గర్వముతో చెప్పుకొందురు. నాకు మాత్రము అది తలచినప్పుడెల్ల దిగులే కలుగును. సవరలు గీతకు ఇరువైపులను ఉన్నారు. తెలుగువారు ఇంతమంది, ఒడియావారు ఇంతమంది అని మనము లెక్కలు చూపుకొనిన కొండలలో వారు మూడవవారు. వారి మాట వారి నోట వినగలిగిన పండితుడు గీత మూలముననే వారికి దూరమయ్యెను. తగవు తెచ్చు నష్టములలో ఇది లెక్కకు రాని నష్టము. ఇరుపక్షముల భాష తెలిసినవాడు మొదట నలిగిపోవును.

1936 నాటి గీత అంతటను ఒక్క తీరున తీరలేదు. కొన్నిచోట్ల భూమిపై సరిగా కొలిచి రాళ్ళు నాటుట మిగిలిపోయెను. అట్టి వానిలో మిక్కిలి ప్రసిద్ధమైనది కొఠియా. మాకు పడమటిదిశగా, సాలూరుకు పైన, కోరాపుట్ జిల్లా పొట్టంగి ప్రాంతమునకు ఆనుకొని యున్న కొండపల్లెలు అవి. 21 ఊళ్ళు తమవేనని రెండు రాష్ట్రములును వాదించుచు వచ్చినవి. 1968లో ఒడిశా సుప్రీముకోర్టులో వ్యాజ్యము వేసెను. ఆ సంవత్సరము డిసెంబరు 2న న్యాయస్థానము, ఉన్నది ఉన్నట్లు ఉంచుడని ఇరువురిని ఆజ్ఞాపించెను. ఆ వ్యాజ్యము ముప్పదియేడేండ్లకు పైగా నడచినది. 2006 మార్చి 30న న్యాయస్థానము దానిని సాంకేతిక కారణములచే ముగించెను. ఊళ్ళు ఎవరివో తేలలేదు. యథాతథస్థితి మాత్రము నిలిచెను.

ఈ లోపల ఆ యూళ్ళలో ఒక తరము పుట్టి, పెరిగి, ముసలిదయ్యెను. అచట ఒకే యింట రెండు రాష్ట్రముల బియ్యపుకార్డులు, రెండు ఓటరు గుర్తింపుపత్రములు ఉన్నవని పత్రికలు పలుమారులు వ్రాసినవి. కొందరు దానిని చూచి, వారికి రెండు చేతుల లాభమని వేళాకోళము చేయుదురు. నేను ఒక్కటి యడిగెదను. ఇద్దరు తండ్రులు నాకొడుకే నాకొడుకే యని పేచీ పడుచున్న పిల్లవానికి బడిలో ఏ యింటిపేరు వ్రాయవలెను? ఒకరు బాట వేయబోయిన రెండవవారు అడ్డుపడుదురు. ఒకరు శంకుస్థాపన చేసిన రెండవవారు బోర్డు పెకలింతురు. 2021 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ అందు మూడు ఊళ్ళలో పంచాయతీ ఎన్నికలు జరిపించెను. ఒడిశా న్యాయస్థాన ధిక్కార మని సుప్రీముకోర్టునకు పోయెను. అదే సంవత్సరము నవంబరు 9న ఇరువురు ముఖ్యమంత్రులు, నవీన్ పట్నాయక్, జగన్మోహన రెడ్డిగారలు, భువనేశ్వరమున కలిసికొని, ఇరురాష్ట్రముల ప్రధాన కార్యదర్శులతో ఒక సంఘము ఏర్పరచి మాటలాడించుటకు ఒప్పుకొనిరి. వ్యాజ్యమునకు యాబదిమూడేండ్ల పిమ్మట ఎదురెదురుగా కూర్చుండి మాటాడుట! ఆలస్యమని నిందింపను. కూర్చుండినందుకు సంతోషించెదను.

ఇట్టి తగవు మాకే వచ్చినది కాదు. లోకమున పెద్ద పెద్ద రాజ్యముల నడుమ నున్నవియు స్వరూపమున ఇట్టివే. కాశ్మీరము మాట చూడుడు. 1948 జనవరి 1న మన ప్రభుత్వము ఐక్యరాజ్యసమితి భద్రతామండలికి ఫిర్యాదు చేసెను. సరిగా ఏడాదికి, 1949 జనవరి 1న, కాల్పులు నిలిచినవి. ఆ జూలైలో కరాచీనగరమున ఇరుసేనల ప్రతినిధులు ఒక గీతకు ఒప్పుకొనిరి. సమితి తరఫున సైనిక పరిశీలకులు వచ్చిరి. వారు పోరాడుటకు వచ్చినవారు కారు. గీతను ఎవరు మీరిరో చూచి, విచారించి, వ్రాసి పంపుటయే వారి పని. అయినను 1965లోను, 1971లోను యుద్ధములు వచ్చినవి. 1972లో సిమ్లాలో, తగవులను ముఖాముఖిగా తీర్చుకొందుమని రెండు దేశములును ఒడంబడిక చేసికొనినవి. దానితో పరిశీలకుల పని తీరినదని మన దేశము చెప్పుచున్నది. పాకిస్తాన్ అట్లు తలపదు. డెబ్బదియైదేండ్లు దాటినను తగవు తెగలేదు.

మధ్యధరా సముద్రమున సైప్రస్ అను ద్వీపము కలదు. అచటి గ్రీకు భాషవారికిని, టర్కీ భాషవారికిని పోరు రాగా 1964 మార్చిలో సమితి తన సేనను దింపెను. ఆ సేనకు నాయకుడుగా పోయిన మన జనరల్ తిమ్మయ్యగారు 1965 డిసెంబరులో ఆ ద్వీపముననే కన్నుమూసిరి. 1974లో ద్వీపము రెండుగా చీలెను. నడుమ నొక పట్టీవంటి నేల నూట యెనుబది కిలోమీటర్ల పొడవున సమితి సేన కాపలాలో నుండిపోయెను. 2003 వరకు ఈవలివారు ఆవలికి పోవుట బహుదుర్లభము. ఆ కావలి వ్యర్థమని నేననను. కత్తి పైకి లేవకుండ పట్టుకొనిన చేయి వ్యర్థమెట్లగును? కాని పట్టుకొనిన చేయి తగవు తీర్చలేదు. తగవు తీర్చుటకు ఆ యిద్దరును మాటాడవలెను. కావలి యున్నది గదా యని మాటలు మానుకొనినచో ఆసనమే అలవాటగును.

మరి సంధి కుదిరిన చోట్లు లేవా? కలవు. వానిలో రెండు చెప్పెదను.

స్వీడను, ఫిన్లాండు దేశముల నడుమ ఓలాండ్ అను దీవులు కలవు. అందు నివసించువారు స్వీడిషు భాషవారు. 1917లో ఫిన్లాండు స్వతంత్రము కాగా, వారు స్వీడనులో చేరగోరిరి. వ్యవహారము నాటి నానాజాతిసమితికి పోయెను. 1921 జూన్ నెలలో తీర్పు వచ్చెను. దీవులు ఫిన్లాండువి. కాని అచటివారి భాషకును, భూమికిని, ఆచారములకును ఫిన్లాండు రక్షణ మొసగవలెను. బడులలో స్వీడిషే నేర్పవలెను. దీవులలో సేనలుండరాదు. నేల ఒకరికి దక్కినది, బ్రతుకు మాత్రము అచటివారికే దక్కినది. నూరేండ్లు గడిచినవి. నేటికిని ఆ యేర్పాటు నిలిచియున్నది.

రెండవది మన దేశమునకు చెందినదే. కూచ్ బిహారు ప్రాంతమున భారతదేశపు తునకలు 111 బంగ్లాదేశము నడుమను, ఆ దేశపు తునకలు 51 మన నేల నడుమను చిక్కుపడి యుండెను. వానిలోని ప్రజలకు బడి లేదు, ఆసుపత్రి లేదు, దొంగ పడినచో చెప్పుకొనుటకు ఠాణా లేదు. 1974లో ఇందిరాగాంధీ, ముజిబుర్ రహ్మాన్‌గారలు ఒప్పందము చేసికొనిరి. అది నెరవేరుటకు 41 ఏండ్లు పట్టెను. 2015లో మన పార్లమెంటు రాజ్యాంగమునకు నూరవ సవరణ చేసెను. ఆ జూలై 31 అర్ధరాత్రమున తునకలు మారకము చేయబడెను. ఇందు నాకు నచ్చినది మారకము కాదు. అచటి ప్రజలను ఇల్లిల్లు లెక్కించి, మీరు ఏ దేశపు పౌరులుగా నుండగోరెదరని అడిగిరి. వారు కోరినట్లు జరిగెను. తగవునందు నడుమనున్నవానిని అడుగుట యెంత తేలికపని! దానికే తరతరములు పట్టుచున్నది.

ఇంత దూరము పోనేల? మా వంశధార మాటయే చూడుడు. ఒడిశాలో పుట్టి కళింగపట్నమున సముద్రము చేరు నది అది. నీటిని సగము సగము పంచుకొందమని 1962లోనే రెండు రాష్ట్రములును ఒప్పుకొనినవి. నేరడి యొద్ద ఆనకట్టను గూర్చి పేచీ వచ్చెను. నదుల తగవులకు రాజ్యాంగము 262వ అధికరణమున ప్రత్యేకమార్గము చూపినది. ఆ ప్రకారము 2010లో న్యాయాధికరణము ఏర్పడి, 2017 సెప్టెంబరు 13న తీర్పు చెప్పెను. ఆనకట్ట కట్టవచ్చును, అందుకు ఒడిశాలో నూటయారు ఎకరముల భూమి కావలెను, నీరు సమముగా పంచుకొనవలెను. తీర్పు తరువాతను చిక్కులు మిగిలినవి. కాని వాదము ఎచటికి పోవలెనో, ఎవరు తీర్చవలెనో ఎల్లరకును తెలియును. భూమి తగవునకు అట్టి రాజమార్గము లేదు. ఎల్లలు మార్చు అధికారము మూడవ అధికరణముచే పార్లమెంటుకున్నది. కాని రెండు రాష్ట్రములు ఒక కొండ కొరకు పేచీ పడినప్పుడు, ముందు విని, చూచి, ఊరివారిని అడిగి చెప్పునట్టి నిలుకడ గల మధ్యవర్తిసభ ఒకటి లేదు. అందువలననే తగవు కోర్టుగుమ్మములోనే ముసలిదగుచున్నది.

ఇక మా అప్ప మాట.

2020 సంవత్సరము మార్చి కడపట దేశమంతయు తలుపులు మూసికొనెను. రోగభయముచే ఊరూరికిని దారులు కట్టబడెను. రాష్ట్రముల నడుమ కట్టుట మరింత గట్టిది. ఏప్రిల్ నెలలో ఒకనాటి తెల్లవారుజామున మేనల్లుడు ఫోను చేసెను. మా అప్ప కన్నుమూసెను. రోగమేదియు కాదు, గుండె యాగెను. బావగారు ఉన్నారు. సుమంగళిగా పోయిన ఆడపడుచునకు పుట్టింటి చీర, పసుపుకుంకుమలు తీసికొనిపోవుట మా యిండ్ల ఆచారము. ఆ చీర కట్టనిదే ఆమెను ఇల్లు కదలింపరు. తల్లిదండ్రులు లేరు. పుట్టిల్లనిన నేనొక్కడనే.

దుకాణములు లేవు. నా భార్య తన పెట్టెలోని కొత్తచీర తీసి యిచ్చెను. నా కుమారుడు తన బండిమీద నన్ను గీత వరకు కొనిపోయెను. దారికి అడ్డముగా వెదుళ్ళు కట్టియుండిరి. ముప్పది అడుగుల ఆవల మరియొక వెదుళ్ళ కట్టు. ఈవల మన జవాను, ఆవల వారి జవాను. నడుమ నున్న నేలలో ఎవరును లేరు. మేనల్లుడు ఆవలి కట్టు వెనుక నిలిచియుండెను. వాని ముఖము కనబడుచుండెను, మాట వినబడుచుండెను. నేను పోవుటకు వీలు లేదు.

ఆ కట్టుబాటును నేను ఆక్షేపింపను. అది ప్రాణరక్షణకై చేయబడినది. నేను మొదట బ్రతిమాలితిని, పిదప కోపించితిని. ముప్పదినాలుగేండ్లు పిల్లలకు ఓర్పు నేర్పినవాడను, ఆ పూట నాకు ఓర్పు లేకపోయెను. జవాను ఇరువదియైదేండ్లవాడు. నా కోపమంతయు విని, కొంతసేపు ఆలోచించి ఇట్లనెను: “మేష్టారూ, మనిషి ఎల్లకూడదన్నారు గానీ, చీర ఎల్లకూడదని ఎవులూ అన్లేదు కదా. ఒక్క చిటం ఆగండి.”

వాడు వెదుళ్ళ యొద్దకు పోయి ఆవలి జవానును పిలిచెను. వానికి ఒడియా రాదు, ఆవలివానికి తెలుగు రాదు. చిన్ననాట బడిలో తోడి పిల్లల వలన నేర్చిన ఒడియాతో నేనే విషయము చెప్పితిని. ఆవలివాడు నాకంటె పెద్దగా మాటాడలేదు. తన పైవానికి ఫోను చేసెను. ఇతడును చేసెను. పావుగంట గడిచెను. మూటమీద మందునీళ్ళు చల్లిరి. మన జవాను పదునైదు అడుగులు నడచి, నడుమ ఒక రాతిమీద మూట ఉంచి వెనుకకు వచ్చెను. ఆవలి జవాను పదునైదు అడుగులు నడచి, ఆ మూట తీసికొనిపోయి మేనల్లుని చేతిలో నుంచెను. చీర అంచు మందునీళ్ళకు తడిసియుండెను. దానినే మా అప్పకు కట్టిరి. నేను ఇంటికి వచ్చి సముద్రస్నానము చేసితిని.

ఆ రాయి ఏ రాష్ట్రపు నేలలో నున్నదో వారిద్దరిలో ఎవరును అడుగలేదు. అడిగియుండినచో చీర అందెడిది కాదు. ఇరువురును తమ తమ ఆజ్ఞలను మీరలేదు. గీత గీతగానే యుండెను. కాని గీతకు ఇరువైపుల నున్న మనుష్యులకు జరుగవలసినది జరిగెను. భద్రతామండలిలో కూర్చుండువారు చేయు పనియు, చేయగలిగినప్పుడు, ఇదియే యని నా నమ్మకము. హక్కు ఎవరిదను ప్రశ్నను ఒకచోట నిలిపి, బ్రతుకు ఆగకుండ చూచుట. ఆ తరువాత, మనసులు మెత్తబడినప్పుడు, నిలిపిన ప్రశ్నను మరల తీసికొని తెగునంత వరకు విచారించుట. మొదటిది చేసి రెండవది మరచుటయే మా దోషము. రెండవది తేలునంత వరకు మొదటిది చేయముమనుట అంతకంటె పెద్ద దోషము.

కావున కొఠియా వంటి చోట్లను గూర్చి ఒక ఉపాధ్యాయుడు చెప్పదగినంత మాత్రము చెప్పి విరమించెదను.

ఊళ్ళు ఎవరివో తేలునంత వరకు బడి, బాట, మందు, బియ్యము అను నాలుగింటిని తగవు నుండి వేరుచేయవలెను. ఎవరు బాట వేసినను అది హక్కునకు సాక్ష్యము కాదని రెండు రాష్ట్రములును ముందే వ్రాసికొనినచో, బాటకు అడ్డుపడ నక్కరయుండదు. భూమి తగవులకు కూడ నది తగవులకున్నట్టి మధ్యవర్తిసభ ఒకటి కావలెను. ఆ సభవారు కాగితములు చూచుటకు ముందు కొండ యెక్కి ఊరివారిని వారి భాషలోనే అడుగవలెను. గీత ఎటు తేలినను, అవతల మిగిలినవారి పిల్లలకు మాతృభాషలో చదువు దక్కవలెను. ప్రాథమికవిద్యను గూర్చి ఈ మాట రాజ్యాంగము 350ఎ అధికరణమున 1956లోనే వ్రాయబడినది. ఇచ్ఛాపురములోని ఒడియాబడికి మనము చూపు ఆదరమే, పర్లాకిమిడిలోని తెలుగుబడికి మనము అడుగదగిన ఆదరము. మొదటిది చూపనివారికి రెండవది అడుగు ముఖము లేదు.

చివరిది తల్లిదండ్రులకు చెప్పునది. ఈ తీరమున పుట్టిన పిల్లలకు రెండవ భాష కొంచెమైనను రానిండు. తెలుగుపిల్లకు ఒడియా, ఒడియాపిల్లకు తెలుగు, కొండ దగ్గరివారికి సవరమాట. దానివలన తెలుగు తరిగిపోదు. తెలుగు పండితుడను, నేను హామీ యిచ్చెదను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మా కొబ్బరితోటలను కూల్చి, అదే ఊపున ఒడిశాలోని గజపతి జిల్లా కొండలలో జనులను పొట్టనబెట్టుకొనెను. దానికి గీత కనబడలేదు. అట్టి కష్టము మరల వచ్చినప్పుడు ఆవలివానిని పిలుచుటకు మనకు ఒక మాట రావలెను.

ఉద్యోగపర్వమున శ్రీకృష్ణుడు రాయబారమునకు పోయి, రాజ్యము మాట యటుంచి అయిదూళ్ళిచ్చినను చాలునన్న కథ మనకెల్లరకును తెలిసినదే. ఆ రాయబారము ఫలింపలేదు. అయినను దానిని మన ఊళ్ళలో రాత్రులు తెల్లవారునట్లు ఆడించుకొనుచు వచ్చితిమి. ఫలింపకపోయినను మాటలాడుటకు పోయినవానిని మన ప్రజలు మరచిపోలేదు. భువనేశ్వరమున ఒకసారి పరచిన చాపను చుట్టిపెట్టకుండ, ఇరుప్రభుత్వములవారును మరల మరల కూర్చుండెదరు గాక యని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.